విశ్వాసి మందు బిళ్ల వేసుకోవచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు జిల్లాలో ఒక చిన్న సంఘానికి కాపరిని. ఆదివారం ఆరాధన సంగతి అలా ఉంచితే, మిగతా రోజుల్లో నా ప్రార్థనలు ఎక్కువగా ఆసుపత్రి వార్డుల్లోనే జరుగుతుంటాయి. అక్కడ మంచం పక్కన నిలబడగానే, నర్సు దగ్గర్లో లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతారు: "అయ్యగారూ, ప్రార్థన చేయించుకున్నాక కూడా మందులు వాడితే దేవుణ్ని నమ్మనట్టేనా?" అడిగినవాళ్ల గురించి నాకు దిగులు లేదు. ఎవరినీ అడక్కుండా మానేసేవాళ్లను తలుచుకుంటేనే భయం.

అపోహ: దేవుని మీద నిజంగా ఆనుకుంటే మందులు మానేయాలి

బైబిల్లో ఎక్కడుంది ఈ మాట? చూపించమంటే ఎవరూ చూపించరు. "పెద్ద కూటంలో చెప్పారు", "యూట్యూబ్‌లో విన్నాం" అంటారు.

రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం తీయండి. హిజ్కియా రాజుకు చావు దగ్గరపడిన జబ్బు. గోడవైపు ముఖం తిప్పుకుని ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడు, ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. సాక్షాత్తూ దేవుని నోటి వాగ్దానం. అయినా ఆ వెంటనే యెషయా ప్రవక్త ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. అప్పుడే రాజు బాగుపడ్డాడు. వాగ్దానమూ ఉంది, పట్టూ ఉంది. వాగ్దానం దొరికింది కదా, ఇక పట్టు ఎందుకని ప్రవక్త అనలేదు.

కొత్త నిబంధనకు రండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఎంతోమందిని స్వస్థపరచిన పౌలు తన తోటివాడైన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు. కడుపు బాగుండని తన శిష్యుడు తిమోతికి ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు. తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధ తీసేయమని పౌలే మూడుసార్లు వేడుకుంటే ఆయనకు దొరికిన జవాబు "నా కృప నీకు చాలును". వీళ్లందరికీ విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా?

మా ప్రాంతం వాళ్లకు ఇంకో మాట. లూథరన్ మిషన్ పంపితే 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరు. ఇక్కడ ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో మొదలైంది. మందులు అవిశ్వాసమైతే ఆ తల్లి సముద్రం దాటి వచ్చి ఆసుపత్రి కట్టించడం ఎందుకు?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మా సంఘంలో ఒకమ్మాయికి టీబీ వచ్చింది. కొన్ని వారాలు మందులు వాడేసరికి దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు చేసింది. సరిగ్గా అప్పుడే పక్క ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. దేవుడు బాగుచేశాడని వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించారు, జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నుంచి మందులు బంద్. మళ్లీ జ్వరం మొదలైనా నోరు విప్పలేదు. ఒకరోజు మా ఇంటావిడ వాళ్లింటికి వెళ్లి, కాఫీ పెడదామని పంచదార డబ్బా కోసం చేయి పెడితే, బియ్యం డబ్బా వెనక రబ్బరు బ్యాండు చుట్టిన బిళ్లల అట్టలు దొరికాయి, ఒక్కటీ చింపనివి. "ఎందుకే తల్లీ?" అంటే ఆ పిల్ల అన్న మాట వినండి: "మళ్లీ మింగితే నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోతుంది కదా ఆంటీ."

జబ్బుకు తోడు, దేవుని పేరు చెడగొడతానేమోనన్న టెన్షన్. ఆ బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టిందెవరు? తర్వాత మళ్లీ కోర్సు మొదలుపెట్టి పూర్తి చేసింది, ఇప్పుడు బాగుంది. అందరికీ అలా జరగదు. టీబీ మందులు మధ్యలో ఆపితే క్రిములు మొండికేసి, అవే మందులు తర్వాత పని చేయకుండా పోవచ్చు. చిన్నప్పుడే షుగరు వచ్చి ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు అది ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ బిళ్లలు, బీపీ బిళ్లలు కూడా సొంతంగా ఆపకూడదు. నిజంగా బాగైతే ఆ మాట పరీక్షల్లో తేలుతుంది, మోతాదు తగ్గించేది డాక్టరు. దేవుడు చేసిన స్వస్థత రక్తపరీక్షకు భయపడదు.

అపోహ: విశ్వాసి భయపడకూడదు, ఏడవకూడదు

"నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని రాసింది దావీదే. భయం వచ్చిందని ఒప్పుకునే రాశాడు. గెత్సేమనేలో యేసు ప్రభువే తన ప్రాణం దుఃఖంతో నిండిపోయిందని శిష్యులకు చెప్పాడు. ఆపరేషన్ ముందు చేతులు వణుకుతుంటే వణకనివ్వండి. వణుకుతూనే సంతకం పెట్టి లోపలికి వెళ్లిన తల్లులను చాలామందిని చూశాను, నా లెక్కలో ధైర్యమంటే అదే.

అపోహ: కష్టం వచ్చిందంటే ఏదో పాపం ఉండే ఉంటుంది

ఉన్నదంతా పోగొట్టుకుని జబ్బుపడిన యోబు దగ్గర ఆయన స్నేహితులు ఇదే పాట పాడారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీద. పరామర్శకు వెళ్లి "ఏం తప్పు చేశావో ఆలోచించుకో" అనేవాళ్లు దయచేసి ఇంట్లోనే ఉండండి.

అపోహ: డిప్రెషన్ అంటే దయ్యం

ఏలీయా ప్రవక్త చచ్చిపోవాలని కోరుకున్నాడు. దేవుడు తిట్టలేదు. దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించి, మళ్లీ పడుకోనిచ్చాడు. నిద్ర పట్టక, బతకాలనిపించక ఉంటే పాస్టరుకు చెప్పండి, మానసిక వైద్యుడి దగ్గరికీ వెళ్లండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

అపోహ: విశ్వాసం గట్టిగా ఉంటే జరిగి తీరుతుంది

రాజు నిలబెట్టిన విగ్రహానికి మొక్కనన్న షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి రాజుతో అన్నది వేరు. మా దేవుడు రక్షించగల సమర్థుడు, ఒకవేళ రక్షించకపోయినా నీ విగ్రహానికి మొక్కం అన్నారు. ఆ "రక్షించకపోయినా" అన్న ముక్క మన కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద ఎందుకో కనపడదు.

తోటి సేవకులకు ఒక మనవి. సాక్ష్యం చెప్పేవాళ్ల చేతికి మైకు ఇచ్చే ముందు పక్కకు పిలిచి ఒక్కమాట అడగండి: మందులు వాడుతున్నావా, డాక్టరు ఏమన్నాడు? వాడుతుంటే ఆ మాట కూడా మైకులోనే చెప్పించండి.