అమెరికా విమానం ఎక్కే అమ్మానాన్నలకు: అపోహలు - వాస్తవాలు

కూతురి పురిటికనో, మనవడి పుట్టినరోజుకనో భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు నుంచి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు బయల్దేరేముందు బీపీ, షుగరు చూపించుకోడానికి నా దగ్గరికి వస్తుంటారు. జనరల్ ఫిజీషియన్‌గా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: "ముందు రెండ్రోజులు నిద్ర లేకపోయినా పర్లేదండి, ఫ్లైటెక్కాక పడుకోవడమేగా!"

మనిషిని ఎక్కువగా కుంగదీసేది ఈ నమ్మకమే. ముందురోజు రాత్రి దాకా సున్నుండలు, పూతరేకులు, ఆవకాయ ప్యాకింగు. పెట్టె 23 కిలోలు దాటితే మళ్లీ విప్పడం. మధ్యలో చూడ్డానికొచ్చే చుట్టాలకి కాఫీలు. ఆపైన కారులో ఎనిమిది గంటలు కూర్చుని శంషాబాదు. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు తెల్లవారుజామునే కాబట్టి, మొదటిది ఎక్కేసరికే ఒక రాత్రి నిద్ర పోతుంది. దుబాయ్ దాకా నాలుగు గంటలు. భోజనం పెట్టి, తీసి, లైట్లు ఆర్పి, కన్ను మూతపడేలోగా దిగమంటారు. అసలు ప్రయాణం అక్కడి నుంచి! దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు.

కూర్చుని పోయే నిద్ర గాఢంగా పట్టదు. పైగా విమానం లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, అంటే ఇంచుమించు ఊటీలో ఉన్నట్టే. రక్తంలో ఆక్సిజన్ కాస్త తగ్గి ఒళ్లు బరువెక్కుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, రక్తం బాగా తక్కువున్నవాళ్లు ఇందుకే ముందుగా డాక్టరుని అడిగి తీరాలి. మిగతావాళ్లకి నా సలహా ఒక్కటే. పెట్టెలు రెండ్రోజుల ముందే కట్టేయండి, ఒకరోజు ముందే హైదరాబాదు చేరుకోండి, అక్కడ కంటినిండా పడుకుని విమానాశ్రయానికి బయల్దేరండి.

అపోహ: "నీళ్లు తాగితే మాటిమాటికీ లేవాలి, పక్కవాళ్లకి ఇబ్బందండి."

ఇది ఎక్కువగా అమ్మల మాట. క్యాబిన్‌లో గాలిలో తేమ చాలాసార్లు 20 శాతం లోపే. గోదావరి గాలికి అలవాటుపడ్డ మనకి గొంతు, కళ్లు ఇట్టే ఎండిపోతాయి. లేవడం మొహమాటపడాల్సిన పని కానే కాదు, కాళ్లకి కావలసిందే అది. కిటికీ సీటు కాకుండా నడవ పక్క సీటు అడిగి తీసుకోండి.

అపోహ: "కాళ్లు పొంగాయంటే కిడ్నీలు పాడైనట్టే."

గంటల తరబడి కాళ్లు వేలాడేస్తే రక్తం కిందే నిలిచి, నీరు కండలోకి దిగుతుంది. రెండు కాళ్లూ సమానంగా ఉబ్బి, చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి, నొప్పి లేకుండా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతే భయం లేదు. మెట్టెలు బిగుతుగా ఉంటే వెళ్లేముందే కంసాలి చేత వదులు చేయించుకోండి.

ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిపెట్టి, వేడిగా ఉంటే మాత్రం ఆగకూడదు. అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. దిగిన రెండు వారాల తర్వాత కూడా రావచ్చు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆరోగ్యవంతులకి అప్పుడు కూడా దాదాపు 6,000 మందిలో ఒకరికే. ఇంతకుముందు గడ్డకట్టినవాళ్లకి, ఈమధ్యే ఆపరేషనైనవాళ్లకి, క్యాన్సరున్నవాళ్లకి ఎక్కువ. వీళ్లకి కొలత చూసి, పిక్కల్ని బిగించి పట్టే ప్రత్యేక మేజోళ్లు రాస్తాం. గడ్డకట్టకుండా ఒక ఆస్పిరిన్ వేసుకుంటే చాలనుకోవద్దు. గుండె కోసం రోజూ వాడేవాళ్లు మానొద్దు.

అపోహ: "నిద్రమాత్ర వేసుకుంటే దిగేదాకా తెలియదు."

కదలకుండా పడి ఉంటారు, లేచాక తూలతారు, పెద్దవాళ్లయితే తికమకపడతారు. వద్దు.

అపోహ: "మందులన్నీ పెద్ద పెట్టెలో భద్రం."

పెట్టె దారితప్పొచ్చు, కింది సామాన్ల గదిలో ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

అపోహ: "వెళ్లిన రోజు పగలంతా పడుకుంటే సర్దుకుంటుంది."

డాలస్ వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఒంట్లో గడియారం రోజుకి సుమారు గంటే జరుగుతుంది, కాబట్టి వారం పైనే పడుతుంది. పగలు ఎండలో తిరగండి, కునుకు అరగంట దాటనివ్వకండి. రాత్రి రెండింటికి మెలకువొస్తే ఫోనులో సీరియల్ పెట్టుకోవద్దు. ఆకలేస్తే కాస్త పెరుగన్నం తిని, లైటు వేయకుండా మళ్లీ పడుకోండి. పసిబిడ్డని ఎత్తుకుని మేడమెట్లు దిగే పని మొదటి నాలుగైదు రోజులూ పిల్లలకే వదిలేయండి.