కమిటీలో పేరు ఇచ్చే ముందు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో చిన్న ట్రస్టులు, సొసైటీల లెక్కలు చూసే ఆడిటర్‌ని. కమిటీలో చేరమని పిలుపు రాగానే చాలామంది నన్ను అడిగేవి ఇవే.

అపోహ: డబ్బున్నవాళ్లకే ఈ పదవులు.

వాస్తవం: 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. ఎవరెంత చందా ఇచ్చారని చట్టం అడగదు. నన్నడిగితే, లెక్క రాయడం వచ్చిన రిటైర్డ్ టీచర్ ఒకరుంటే చాలు.

అపోహ: "నాది ఊరికే పేరు సార్, అంతా సెక్రటరీ చూసుకుంటాడు."

వాస్తవం: చిక్కంతా ఇక్కడే. చలివేంద్రం లెక్కలు తెస్తారు. కుండలకింత, నీళ్ల క్యాన్లకింత, మనిషి కూలికింత. రెండు నెలల వోచర్లూ ఒకే చేతిరాత, ఒకే పెన్ను. మినిట్స్ బుక్ తెరిస్తే తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీ, కింద ఐదు సంతకాలు! రేపు ఆ ఖాళీలో ఎవరేం రాసినా ఆ ఐదుగురూ ఒప్పుకున్నట్టే కనబడుతుంది. "పెద్దాయన పెట్టమన్నాడు, పెట్టినా" అంటే ఎవరూ వినరు. తీర్మానం నచ్చకపోతే మీ అభ్యంతరాన్ని మినిట్స్‌లోనే రాయించండి. మొహమాటపడితే ఎలా?

అపోహ: సేవాసంస్థకు పన్ను గొడవ ఉండదు.

వాస్తవం: మినహాయింపు దానంతటదే రాదు, ఆదాయపు పన్ను శాఖలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ తర్వాత కూడా ఏటా ఆదాయంలో కనీసం 85 శాతం సంస్థ ఆశయానికే ఖర్చు కావాలి. చందా ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు దక్కే అనుమతి (80జి అని పిలిచేది) సంస్థకు ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు దాతకు మినహాయింపు దక్కదు. నోట్ల కట్ట తెచ్చినాయనకు ఆ మాట ముందే చెప్పండి.

అపోహ: అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లోడు పంపితే అది విదేశీ విరాళం ఎట్లవుతుంది?

వాస్తవం: భారత పాస్‌పోర్టు ఉండి, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో అందుకోసం తెరిచిన ఖాతాలోనే పడాలి. మన జిల్లాలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అంతటి పెద్ద సేవాసంస్థకే ఈ చట్టం తప్పలేదు, మన వీధి సొసైటీ ఎంత?

అపోహ: రాజీనామా లేఖ ఇస్తే తెగిపోయినట్టే.

వాస్తవం: లేఖ ఆమోదించినట్టు మినిట్స్‌లో ఎక్కాలి. చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లలోంచి బ్యాంకులో మీ పేరు తీయించాలి. రిజిస్ట్రార్‌కు ఇచ్చే కమిటీ జాబితాలో మారిందో లేదో మీరే చూసుకోండి. ట్రస్టు అయితే, తప్పుకోవడం గురించి ట్రస్ట్ డీడ్‌లో (ట్రస్టు పెట్టినప్పుడు రాసుకున్న పత్రంలో) ఏం రాశారో చేరకముందే చదవండి.