వియన్నా పెట్టె ఇన్ని దేశాలకి సొంతం ఎలా అయ్యింది

అకార్డియన్ అనగానే చాలామందికి పారిస్ వీధులే గుర్తొస్తాయి కానీ అది పుట్టింది అక్కడ కాదు. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ అని ఆర్గన్లు, పియానోలు చేసే ఆయన, ఆర్మేనియన్ మూలాలున్నవాడు, కొడుకులిద్దరితో కలిసి ఓ చిన్న పెట్టెకి పేటెంట్ తీసుకున్నాడు. దానికి అయిదే మీటలు, కానీ ఒక మీట నొక్కితే ఒక్క స్వరం కాదు, కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగే కార్డ్ మొత్తం పలికేది, తిత్తి లాగితే ఒకటి, మూస్తే ఇంకోటి. కార్డ్‌ని జర్మన్‌లో అకార్డ్ అంటారు, పేరు అలా వచ్చింది. లోపల జరిగేది హార్మోనియం తెలిసినవాళ్లకి కొత్త కాదు, ఒక కొస బిగించిన పల్చటి రీడ్ గాలి తగిలితే అదిరి మోగుతుంది, చైనాలో నోటితో ఊదే షెంగ్‌లో ఈ కిటుకు రెండు వేల ఏళ్లకి ముందునుంచే ఉంది.

మరి అంతలా ఎందుకు పాకింది? ఒక్క మనిషే పాటా, బాస్సూ కలిపి డాన్స్ హాలంతా వినపడేలా వాయించేయొచ్చు, కరెంటు అక్కర్లేదు, భుజానేసుకుని ఓడెక్కేయొచ్చు. ఇటలీలో కాస్టెల్‌ఫిదార్దోలో పావొలో సొప్రానీ 1863లో తయారీ మొదలుపెట్టాడు, జర్మనీలో మౌత్ ఆర్గన్లు చేసే హోనర్ కంపెనీ తర్వాత దీన్లోకి దిగింది. ఫ్యాక్టరీల్లో తయారయ్యేసరికి కూలిపని చేసుకునేవాళ్లూ కొనుక్కోగలిగారు, అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం టెక్సస్, మెక్సికో సరిహద్దుది. జర్మన్, చెక్ వలసదారుల పోల్కా డాన్స్ పాటల్ని అక్కడి మెక్సికన్ కుటుంబాలు విని నేర్చుకున్నాయి, 1930లలో నార్సిసో మార్టినెజ్ ఎడమచేతి బాస్ బటన్లు దాదాపు వదిలేసి ఆ పనంతా పక్కన బాహో సెస్టో అనే గిటార్ లాంటి వాయిద్యం వాయించే సాంటియాగో అల్మెయిదాకి ఇచ్చేసి తను కుడిచేత్తో రాగం మీదే పడ్డాడు, దాంతో కొంహుంతో అనే అక్కడి సంగీతానికి ఓ ముద్ర పడింది. అదే కాలంలో లూసియానాలో, తెల్లవాళ్లు నల్లవాళ్లు కలిసి కూర్చోడమే కష్టమైన రోజుల్లో, ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి (క్రియోల్) అకార్డియన్ వాద్యకారుడు అమెడీ ఆర్దోయన్, తెల్లజాతి ఫిడేలిస్ట్ డెనిస్ మెక్‌గీ 1929లో కలిసి రికార్డు చేశారు. ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది నాకు.

దీని చుట్టం బాండోనియన్ కూడా జర్మనీదే, కానీ అది లేకుండా అర్జెంటీనా టాంగోని ఊహించలేం. రష్యాలో 1907లో వచ్చిన బటన్ అకార్డియన్‌కి పాత గాయకుడు బోయన్ పేరు మీద బయాన్ అని పెట్టుకున్నారు, తర్వాత సంగీత కళాశాలల దాకా వెళ్లింది.

అమెరికాలో 1950ల దాకా పిల్లలకి నేర్పించే వాయిద్యమే ఇది, రాక్ గిటార్ వచ్చాక వెనకబడి పాతకాలందన్న పేరు పడింది. ఆ మాట కొలంబియాలో చెల్లదు. అక్కడ వయ్యెనాతో అనే జానపద పాటలకి ప్రాణం ఇదే, వయ్యెదుపార్‌లో 1968 నుంచి పోటీలు పెట్టి గెలిచినవాళ్లని రాజు అంటారు. అయినా అసలు సంప్రదాయం పోతోందని 2015లో యునెస్కో దాన్ని వెంటనే కాపాడాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. వాయించేది మాత్రం ఎక్కువగా హోనర్ పెట్టెలే, అక్కడి మెకానిక్కులు వాటిని విప్పి రీడ్లు అరగదీసి తమ చెవికి నచ్చేట్టు మళ్లీ శ్రుతి చేసుకుంటారు.