పెట్టెకు పుట్టినిల్లు ఏది?

చిరంజీవులు నానికి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరిద్దరూ ఫోనులో చెవినిల్లు కట్టుకుని పోరారు. ఎవరు ఏమంటున్నారో తేలేలోపే లైను తెగిపోయింది. ఒకందుకు మంచిదే. ఇలాంటి తగవు నోటిమాటతో తేలేది కాదు, కాగితం మీద పెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో గుమస్తాగా చేసినదాన్ని, కాగితం మీద లేనిదేదీ నాకు బుర్రకు ఎక్కదు.

ముందు తగవు ఏమిటో నాకు అర్థమైనంతవరకు రాస్తాను. మీ నాన్న స్నేహితుడు ఒకాయన ఎడ్మంటన్ దగ్గర గురి కాల్చే మైదానానికి వెళతాడు. ఆయన తన సెమీ ఆటోమేటిక్ (మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతట అదే ఎక్కే) రైఫిల్‌లో పది తూటాలు పట్టే పిస్టల్ మ్యాగజైను పెట్టి కాలుస్తున్నాడు. కెనడాలో అలాంటి రైఫిల్‌కు ఐదే హద్దు, కాబట్టి ఆయన నేరం చేస్తున్నాడని బుజ్జి వాదన. పిస్టల్‌కు పది దాకా పరవాలేదు, ఆ మ్యాగజైను పిస్టల్‌ది, కాబట్టి తప్పు లేదని నాని వాదన. ఓడినవాళ్లు నెల రోజులు ఇంటి ముందు మంచు ఎత్తిపోయాలి. పందెం మాత్రం బాగుంది.

నా వయసువాళ్లకు మ్యాగజైను అంటే వారపత్రిక. మీ గోల విన్నాకే నిఘంటువు తీశాను. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చిందట, అసలు అర్థం గిడ్డంగి. మందుగుండు దాచే కొట్టుకూ అదే పేరు, కథలు దాచే పత్రికకూ అదే పేరు. మీరు చెప్పేది తుపాకీలో తూటాలు వరుసగా పేర్చి ఉంచే పెట్టె. అందులో స్ప్రింగు ఉంటుంది, అది ఒక్కో తూటాను పైకి తోస్తూ ఉంటుంది. ఈ ఉత్తరంలో దాన్ని పెట్టె అనే అంటాను.

కెనడాలో ఆ పెట్టెకు హద్దు ఎందుకు వచ్చిందో మీ బళ్లో చెప్పే ఉంటారు. 1989 డిసెంబర్ 6న మాంట్రియల్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఒకడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో పద్నాలుగు మంది ఆడవాళ్లను చంపాడు. వాళ్లలో ఎక్కువమంది చదువుకుంటున్న పిల్లలు. 1991లో పార్లమెంటు చట్టం మార్చింది, పెట్టెల మీద హద్దులకు దారి అక్కడే పడింది. మామూలు సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలితే పేలే రకం) సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ఐదు. దేశంలో సాధారణంగా దొరికే రకం పిస్టల్‌కు పది. అంతకు మించి పట్టే పెట్టె నిషిద్ధ పరికరం. తెలిసి దగ్గర ఉంచుకుంటే పదేళ్ల దాకా జైలు పడవచ్చు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నేరం కాల్చడం కాదు, దగ్గర ఉంచుకోవడం. తుపాకీ ఊసే లేకుండా ఆ పెట్టె మీ బల్ల సొరుగులో ఖాళీగా పడి ఉందనుకోండి. అప్పుడూ అది నిషిద్ధమా కాదా అని పోలీసు తేల్చాలి. పక్కన తుపాకీ లేదు, కాల్చినవాడు లేడు, సొరుగులో పెట్టె ఒక్కటే ఉంది. మరి దేన్ని బట్టి తేలుస్తాడు?

చట్టం రాసినవాళ్లు ఎంచుకున్న మాటలు నా తెలుగులో చెబితే ఇలా ఉంటాయి: ఏ తుపాకీలో వాడటానికి ఆ పెట్టెను రూపొందించారో లేదా తయారు చేశారో, దాన్ని బట్టి. ఏ తుపాకీలో వాడుతున్నారో అన్న మాట అక్కడ లేనే లేదు.

మన ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లయితే గోత్రం మారుతుంది. పుట్టినింటి గోత్రం పోయి మెట్టినింటి గోత్రం వస్తుంది. ఈ పెట్టెకు ఆ ఆచారం లేదు. పిస్టల్ ఇంట పుట్టిన పెట్టె రైఫిల్ ఇంట మెట్టినా దాని గోత్రం పిస్టల్‌దే, దాని లెక్క పదే. రైఫిల్ ఇంట పుట్టినదాన్ని తీసుకెళ్లి పిస్టల్‌లో పెట్టినా దాని లెక్క ఐదే.

ఇది నా సొంత కవిత్వం అనుకోకండి. 2011 మార్చిలో కెనడా జాతీయ పోలీసు సంస్థ, మీరు ఆర్‌సీఎంపీ అంటారే, వ్యాపారులకు ఒక ప్రకటన పంపింది. నంబరు 72. అందులో రెండు ఉదాహరణలున్నాయి. మార్లిన్ అనే కంపెనీ క్యాంప్ కార్బైన్ అని ఒక చిన్న రైఫిల్ చేసేది. అందులో ఒక రకానికి కోల్ట్ 1911 పిస్టల్ పెట్టెలే సరిపోతాయి. అవి ఏడు, ఎనిమిది తూటాలు పట్టేవి. రైఫిల్ హద్దు ఐదు దాటినా అవి చెల్లుతాయి, ఎందుకంటే అవి పిస్టల్ కోసం పుట్టినవి అని ఆ ప్రకటన చెప్పింది. రెండోది ఎల్ఏఆర్-15 అనే పిస్టల్. చూడటానికి ఏఆర్-15 రైఫిల్‌కు తమ్ముడిలా ఉంటుంది. దాని కోసం చేసిన పది తూటాల పెట్టె ఏఆర్-15లోనూ అచ్చంగా సరిపోతుంది. అక్కడా అదే తీర్పు, పది చెల్లుతుంది. ఇక చూడండి, పెట్టెల మీద పిస్టల్ పేరు అచ్చు వేసి అమ్మడం మొదలైంది. కొన్నవాళ్లలో చాలామంది ఆ పిస్టల్‌ను కంటితో కూడా చూసి ఉండరు.

చదవగానే నేను నవ్వేశాను. పక్కపక్కన రెండు పెట్టెలు, ఒకే కొలత, ఒకే రేకు, రెండింట్లోనూ పదేసి తూటాలు. ఒకటి కొన్నవాడు ఇంటికి, రెండోది కొన్నవాడు కోర్టుకు. తర్వాత నా ఉద్యోగం గుర్తొచ్చి నవ్వు ఆగింది.

మా కోర్టులో కేసు సొత్తుకు నేను చీటీలు అంటించేదాన్ని. ఎం.ఓ. 1 కొడవలి, ఎం.ఓ. 2 కర్ర, అలా. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో ఆయుధం అంటే ఏమిటో చెబుతూ, ఇంటి పనికో పొలం పనికో మాత్రమే చేసిన లాఠీ, మామూలు చేతికర్ర లాంటివి ఆయుధాలు కావని మినహాయించారు. అలాగని ఆ కర్రతో ఒకడి తల పగలగొడితే వదిలేస్తారా? కొట్టినందుకు శిక్ష వేరే ఉంది. కానీ కర్ర దగ్గర ఉంచుకున్నందుకు ఎవరినీ పట్టుకోరు. లేకపోతే మన జిల్లాలో రైతులందరూ కోర్టు వరండాలోనే కాపురం పెట్టాలి. వస్తువు దేనికోసం పుట్టింది అన్న ప్రశ్న అక్కడా ఉంది, మీ కెనడాలోనూ ఉంది. వాడకం క్షణానికోలా మారుతుంది, పుట్టుక మారదు. సొరుగులో పెట్టెకు తీర్పు చెప్పాలంటే వేరే దారి నాకూ తోచలేదు.

అయితే ఈ పద్ధతిలో బొక్క లేదని మాత్రం అనను. చట్టంలో ఇంకో మాట ఉంది. తూటాలు లెక్కపెట్టేటప్పుడు, మొదట ఏ రకం తూటా కోసం ఆ పెట్టెను రూపొందించారో ఆ రకంతోనే లెక్కపెట్టాలి. ఒక బుట్టలో ఐదు పంపర పనసకాయలు పడతాయనుకోండి. అదే బుట్టలో నిమ్మకాయలు పోస్తే ఎన్ని పడతాయి? చట్టం కంటికి అది ఐదు కాయల బుట్టే. .50 బియోవుల్ఫ్ అని బొద్దు తూటా ఒకటుంది. దాని కోసం చేసిన ఐదు తూటాల పెట్టెలో సన్నని .223 తూటాలు పేరిస్తే అంతకు రెండింతలకు పైగా పడతాయి. నంబరు 72 ప్రకటనలోనే ఇంకో లెక్క ఉంది: .40 రకం తూటాలు పది పట్టే ఒక పిస్టల్ పెట్టెలో 9 ఎంఎం తూటాలు పదమూడు పడతాయి, అయినా అది నిషిద్ధం కాదు అని. చట్టంలో ఆ లెక్క వాక్యం రాసిన గుమస్తా ఎవరో గానీ, రాసిన రోజున బుట్టలో నిమ్మకాయలు పోసే ఆలోచన అతనికి వచ్చి ఉండదు.

నానీ, నువ్వు అప్పుడే గెలిచానని గంతులు వేయకు. ఈ సూత్రం రెండు వైపులా కోస్తుంది. రిమ్‌ఫైర్ రైఫిళ్లకు, అంటే అడుగు అంచు మీద దెబ్బ తగిలితే పేలే చిన్న .22 తూటాల రైఫిళ్లకు, పెట్టె హద్దు లేదు. రూగర్ 10/22 అలాంటిది. 1964 నుంచి వస్తోంది, కెనడా పల్లెల్లో ఇంటింటి తుపాకీ అని చెప్పుకోవచ్చు. దానికి ఇరవై ఐదు తూటాల పెట్టెలు జనం నిశ్చింతగా కొనుక్కున్నారు. ఈలోగా అదే కంపెనీ చార్జర్ అనే పిస్టల్ తెచ్చింది. దానికీ ఈ పెట్టెలే సరిపోతాయి. 2016లో ఆర్‌సీఎంపీ ఏమందంటే, ఈ పెట్టెలు రైఫిల్‌కూ పిస్టల్‌కూ కలిపి పుట్టినవి, కాబట్టి పిస్టల్ హద్దు పది వీటికీ వర్తిస్తుంది, పది దాటినవన్నీ నిషిద్ధం అని. ఎక్కడో ఒక పిస్టల్ పుట్టినందుకు, దాన్ని కొనని రైతు ఇంట్లో పెట్టె రాత్రికి రాత్రి నిషిద్ధమైపోయింది. నీ వాదనే నీకు ఎదురు తిరగడం అంటే ఇదే.

మినహాయింపుల్లో ఒక పేరు చూసి మాత్రం నా మనసు ఎక్కడికో పోయింది. లీ ఎన్‌ఫీల్డ్. మన పోలీసుల త్రీ నాట్ త్రీ. చిన్నప్పుడు ఖజానా ముందు కాపలా కానిస్టేబుల్ భుజాన అదే ఉండేది. అతను దాన్ని గోడకు ఆనించి బీడీ కాల్చుకుంటుంటే మేం దూరం నుంచి చూసేవాళ్లం. దాని పది తూటాల పెట్టెను కెనడా చట్టం పేరు పెట్టి మరీ మినహాయించింది. ఉత్తరాన మంచు ప్రాంతాలు కాసే కెనడియన్ రేంజర్లు ఈ మధ్యకాలం దాకా ఆ తుపాకీనే మోశారు. మా ఖజానా కానిస్టేబులుకు ఈ సంగతి తెలిస్తే మీసం మెలేసేవాడు.

ఇక బుజ్జమ్మా, నీ వైపున్న బలం కూడా చెప్పాలి. పోలీసు ప్రకటన చట్టం కాదు. అది చట్టాన్ని వాళ్లు చదువుకున్న తీరు మాత్రమే, చివరికి చెప్పాల్సింది న్యాయమూర్తి. 2011లో ఒకలా చదివినవాళ్లు రేపు ఇంకోలా చదవరని హామీ లేదు. పైగా నేల కదులుతోంది. 2020 ఏప్రిల్‌లో నోవా స్కోషియాలో ఇరవై రెండు మంది హతమయ్యాక, మే 1న ప్రభుత్వం ఏఆర్-15తో సహా దాదాపు పదిహేను వందల రకాల తుపాకులను నిషేధించింది. ఎల్ఏఆర్-15 పెట్టెకు ఏఆర్-15 అనే మెట్టినిల్లు లేకుండా పోయింది. పెట్టె చెల్లుతుంది, ఏఆర్-15 చెల్లదు. 2022 అక్టోబర్ 21 నుంచి పిస్టళ్ల కొనుగోలు, అమ్మకం దాదాపు ఆపేశారు. 2023 డిసెంబర్ 15న ఆమోదం పొందిన సీ-21 చట్టం, హద్దు దాటేలా పెట్టెను మార్చడాన్నే ప్రత్యేకంగా నేరం చేసింది. హద్దుకు తగ్గించడానికి పెద్ద పెట్టెల్లో మేకు కొట్టి బిగించి అమ్ముతారు కదా, ఆ మేకు పీకినవాడికి ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

దక్షిణాన టెక్సాస్‌లో ఉన్న మీ పెద్దమ్మ పిల్లలను ఈ తగవులోకి లాగకండి. అక్కడ రాష్ట్రానికో లెక్క. వాళ్ల రాష్ట్రంలో హద్దే లేదు, కాలిఫోర్నియాలో దాదాపు ఏ తుపాకీకైనా పదే. పుట్టినిల్లు, మెట్టినిల్లు గొడవ వాళ్లకు అర్థం కూడా కాదు.

సరే, తీర్పు. సూత్రం వరకు నాని చెప్పింది సరైనది. పిస్టల్ కోసం పుట్టిన పది తూటాల పెట్టె, రైఫిల్‌లో పెట్టినంత మాత్రాన నిషిద్ధం కాదు. కానీ మీరిద్దరూ నాకు సాక్ష్యం సగమే పంపారు. ఆ రైఫిల్ పేరు ఏమిటి? 2020 జాబితాలోగానీ ఆ తర్వాతి జాబితాల్లోగానీ ఉందా? ఆ పెట్టె నిజంగా పిస్టల్‌దేనా, లేక ఆయన అలా అనుకుంటున్నాడా? వాటి మీద సాధారణంగా తుపాకీ పేరు అచ్చు వేసి ఉంటుంది. మీరు మాత్రం దాన్ని ముట్టుకోకండి. ఆయననే తీసి, మీ నాన్న ఎదుట చదివి చెప్పమనండి. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి పంపండి.

అంతవరకు కేసు వాయిదా. మంచు ఇద్దరూ చెరి సగం ఎత్తండి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ
కాకినాడ