ఈడెన్‌లో ఆ పదహారు మంది: కోల్‌కతా డెర్బీ భద్రత వివాదానికి వెనుక కథ

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బులు తలపడే కోల్‌కతా డెర్బీకి బందోబస్తు ఇవ్వలేమన్న మాట అధికారుల నోట వచ్చిన ప్రతిసారీ ఆ నగరంలో ఒక పాత గాయం మళ్లీ రేగుతుంది. 2024 ఆగస్టు 18న సాల్ట్‌లేక్ స్టేడియంలో జరగవలసిన మోహన్ బగాన్ - ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్ కప్ మ్యాచ్‌ను, ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో వైద్యురాలి హత్యాచార ఘటనపై నిరసనలు ఉద్ధృతంగా ఉన్నందున తగినంత మంది పోలీసులను కేటాయించలేమంటూ రద్దు చేశారు. ఐదు నెలలైనా తిరగకముందే, 2025 జనవరి 11 నాటి ఇండియన్ సూపర్ లీగ్ డెర్బీని గంగాసాగర్ మేళా బందోబస్తు కారణంగా గువాహటికి తరలించారు. నూరేళ్లుగా కోల్‌కతా తన సొంతమనుకున్న పోరును చూడడానికి కోల్‌కతా అభిమాని దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణం చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒకటే ప్రశ్న నలుగుతోంది: డెర్బీ చూడడానికి వచ్చే జనం ఆ నగరానికి నిజంగానే ప్రమాదమా, లేక వారిని ప్రమాదంగా చూడడం యంత్రాంగానికి అలవాటైపోయిందా?

1911లో మోహన్ బగాన్ బూటు లేని కాళ్లతో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్ఏ నిర్వహించే షీల్డు గెలిచిన సంగతి, 1920లో ఈస్ట్ బెంగాల్ పుట్టుక, దేశ విభజన తర్వాత ఘోటీ (పశ్చిమ బెంగాల్ స్థానికులు), బాంగాల్ (తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారు) వర్గాల పోటీ ఆటలోకి పాకిన తీరు, గెలిచిన వైపు ఇళ్లలో పులస జాతి చేపో రొయ్యలో వండుకోవడం అందరూ ఎరిగిన విషయాలే కనుక వాటిని ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. నేటి వివాదానికి వేరు వాటిలో లేదు. అది 1980 ఆగస్టు 16, శనివారం మధ్యాహ్నం ఈడెన్ గార్డెన్స్ గ్యాలరీలో ఉంది.

ఆ రోజు కలకత్తా లీగ్ మ్యాచ్. ఈడెన్ ప్రధానంగా క్రికెట్ మైదానమే అయినా, క్లబ్బుల సొంత గ్రౌండ్లకు పట్టనంత జనం వచ్చే పెద్ద మ్యాచ్‌లకు దానిని వాడుకోవడం అప్పటికే మామూలైంది. ఆ ఏడాది వాతావరణం ముందు నుంచే వేడిగా ఉంది. సీజను మొదట్లో ఈస్ట్ బెంగాల్ ప్రధాన ఆటగాళ్లు పలువురు మహమ్మదన్ స్పోర్టింగ్‌కు వెళ్లిపోగా, అలీగఢ్‌లో చదువుకోవడానికి వచ్చిన ఇరాన్ యువకులు మజీద్ బిష్కర్, జంషీద్ నస్సిరీ వంటివారితో ఈస్ట్ బెంగాల్ కొత్త జట్టును కూర్చుకుంది. ఫెడరేషన్ కప్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడి 1-1తో తేలక సంయుక్త విజేతలయ్యాయి. తేలని లెక్క లీగ్ మ్యాచ్‌లోనైనా తేలుతుందని రెండు వైపుల వారూ ఎదురు చూశారు.

మ్యాచ్ మొదలైనప్పటి నుంచీ మోహన్ బగాన్ లెఫ్ట్ వింగర్ విదేశ్ బోస్‌ను, ఆ రోజు అతనికి అడ్డుగా నిలిపిన ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్ మొరటుగానే ఎదుర్కొన్నాడు. ద్వితీయార్ధంలో పాలిత్ చేసిన ఫౌల్‌కు బోస్ తిరగబడ్డాడు. రిఫరీ సుధీన్ చటర్జీ ఇద్దరినీ బయటికి పంపారు. ఫుట్‌బాల్ మైదానంలో ఇలాంటివి కొత్త కావు. అయితే ఆ క్షణాన రంజీ స్టేడియం అని పిలిచే గ్యాలరీలో మోహన్ బగాన్ అభిమాని పక్కన ఈస్ట్ బెంగాల్ అభిమాని, అతని వెనుక మళ్లీ మోహన్ బగాన్ అభిమాని కూర్చుని ఉన్నారు. మధ్యలో కంచె గాని, ఖాళీ వరుస గాని, పోలీసుల వరుస గాని లేదు. మాట మాటకు తగిలింది, రాళ్లు లేచాయి, భయపడిన జనం బయటి దారుల వైపు ఒక్కసారిగా తోసుకుపోయారు. ఆ తొక్కిసలాటలో పదహారు మంది ప్రాణాలు కోల్పోయారు. కింద ఆట ఆగలేదు. చివరి విజిల్ వరకు సాగి గోల్ లేకుండా డ్రాగా ముగిసింది. పైన ఏమి జరిగిందో ఆటగాళ్లకు ఆట ముగిసిన తరువాతే పూర్తిగా తెలిసింది.

ఈ ఘటనకు చాలాకాలం చలామణీ అయిన కథనం ఒకటుంది: ఆటగాళ్లు మొరటుగా ఆడారు, అభిమానులు రెచ్చిపోయారు, అందువల్ల చనిపోయారు. అందులో అబద్ధం లేదు. రాళ్లు విసిరింది అభిమానులే. అయితే అది సగం కథే. మిగతా సగం, ఆ రోజుల్లో పెద్ద మ్యాచ్‌లకు వెళ్లినవారి జ్ఞాపకాల్లో దొరుకుతుంది. ఆ జ్ఞాపకాలను కాస్త ఓపికగా వింటే 1980 నాటి తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలుస్తుంది.

ఆ తరం వారు దానిని డెర్బీ అనేవారు కాదు, ‘బొడో మ్యాచ్’ అనేవారు, అంటే పెద్ద మ్యాచ్. డెర్బీ అన్న పేరు తరువాత వచ్చి కూర్చుంది. నగరం నడిబొడ్డున మైదాన్ అని పిలిచే విశాలమైన బయలులోని క్లబ్ గ్రౌండ్లలో బొడో మ్యాచ్ చూసినవారు ముందుగా చెప్పేది గోల్స్ గురించి కాదు, క్యూ గురించి. తెల్లవారకముందే వచ్చి నిలబడడం, వానలో తడిసి ఎండలో ఆరడం, క్యూ వంకర పోయిన చోట పోలీసు గుర్రం వచ్చి భుజాన్ని రాసుకుంటూ నిలబడడం. టికెట్ దొరకనివారు ఫోర్ట్ విలియం వైపు గట్టు మీద నిలబడి, అట్టముక్కలకు అద్దాలు బిగించి చేసిన పెరిస్కోపుల్లోంచి తలల మీదుగా ఆట చూసేవారు. అదీ కుదరనివారికి అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ల బెంగాలీ రేడియో వ్యాఖ్యానం ఉండనే ఉంది.

ఈ జ్ఞాపకాల్లో, చెప్పేవారు కూడా అంతగా పట్టించుకోని ఒక చిన్న వివరం తరచు వస్తుంది. మైదాన్ గ్రౌండ్లలో ఎవరి గ్యాలరీ వారిదే. క్లబ్ సభ్యులకు ఒక వైపు, టికెట్ కొన్నవారికి మరో వైపు చోటు ఉండేది. తన రంగు జెండా ఎక్కడుందో చూసుకుని మనిషి అక్కడికి నడిచేవాడు. ఎదుటి వర్గం కనిపించేది, వినిపించేది, కాని మోచేతి దూరంలో ఉండేది కాదు. ఎవరో భద్రతా నిపుణుడు కూర్చుని రాసిన పథకం కాదది. అలవాటు తానే గీసుకున్న గీత. ఆటను ఈడెన్‌కు మార్చినప్పుడు జనం ఆ పెద్ద మైదానానికి మారారు, గీత మాత్రం మారలేదు. 1980ని అర్థం చేసుకోవడానికి విదేశ్ బోస్, దిలీప్ పాలిత్‌ల పేర్ల కంటే ఈ వివరమే ఎక్కువ పనికొస్తుందని ఈ రచయిత నమ్మకం.

వైరం మాత్రమే కారణమైతే విషాదం ఐదేళ్ల ముందే జరగాలి. 1975 సెప్టెంబరు 30న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచింది. శ్యామ్ థాపా రెండు గోల్స్ కొట్టిన ఆ మ్యాచ్‌ను మోహన్ బగాన్ అభిమానులు నేటికీ గొంతు తగ్గించే చెప్పుకొంటారు. సొంత అభిమానుల కోపానికి వెరచి కొందరు ఆటగాళ్లు ఆ రాత్రి గంగలో పడవ మీద గడిపారన్నది మైదాన్‌లో ప్రతి తరమూ తరువాతి తరానికి అప్పగించే కథ. అంతటి అవమానాన్నీ అంతటి కోపాన్నీ ఆ జనం మోశారు. మరుసటి ఏడాది లీగ్ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున అక్బర్ పదిహేడో సెకనులోనే గోల్ కొట్టి లెక్క కొంత సరిచేశాడు. ఆలస్యంగా లోపలికి వచ్చినవారికి గోల్ దక్కలేదు, దాని హోరు మాత్రమే దక్కింది.

అక్బర్ హైదరాబాదీ. అతని అన్న హబీబ్ కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, 1977లో పెలే వచ్చిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ చేసినవాడు. అంతకు ముందు తరంలో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించి, ఆట మానాక బెంగాల్‌లోనే స్థిరపడ్డాడు. బొడో మ్యాచ్ జ్ఞాపకాల్లో మన ఊళ్ల పేర్లు ఇంతగా కలిసిపోయి ఉన్నా, 1980 ఆగస్టు 16 గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ.

ఆ విషాదం తరువాత రెండు పనులు జరిగాయి. ఒకటి స్మరణ. ఆగస్టు 16ను ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తూ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఐఎఫ్ఏ) ఏటా రక్తదాన శిబిరం నిర్వహిస్తుంది. రెండోది స్థలం మార్పు. 1984లో సాల్ట్‌లేక్ స్టేడియం తెరుచుకున్నాక పెద్ద మ్యాచ్‌లు క్రమంగా అక్కడికి చేరాయి. రెండు క్లబ్బుల వారికి గ్యాలరీలు విడదీయడం, గేట్లు విడదీయడం పద్ధతిగా స్థిరపడింది. మైదాన్‌లో అలవాటుగా ఉన్న గీతను ఇక్కడ పోలీసులూ నిర్వాహకులూ కూర్చుని గీశారన్నమాట.

ఆ గీత ఎంత బరువు మోయగలదో 1997 జూలై 13న తేలింది. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన ‘డైమండ్’ వ్యూహాన్ని ఊరంతా చాటి, ఎదుటి ఆటగాళ్ల పేర్లను వెక్కిరించి మరీ మ్యాచ్‌కు వచ్చారు. ఎదురుగా ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే బెనర్జీ. పత్రికలు వారం రోజులు ఆ మాటల మంటలో నూనె పోశాయి. ఆ రోజు స్టేడియంలో లెక్కతేలిన ప్రేక్షకులు 1,31,781 మంది. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. రెచ్చగొట్టడానికి కావలసిన దినుసులన్నీ 1980 కంటే ఎక్కువగానే ఉన్న ఆ మధ్యాహ్నం ఈడెన్ నాటి విషాదం పునరావృతం కాలేదు. నేడు డెర్బీ జనాన్ని చూసి చేతులెత్తేసేవారు ఈ తేదీని ఎందుకు గుర్తు చేసుకోరో చెప్పాలి.

మరకలు తరువాత కూడా పడ్డాయి. 2012 డిసెంబరు 9న ఐ-లీగ్ డెర్బీలో గ్యాలరీ నుంచి వచ్చిన రాయి తగిలి మోహన్ బగాన్ ఆటగాడు రహీమ్ నబీ ముఖానికి గాయమైంది. ఒక గోల్ వెనకబడి, ఒడాఫా ఒకోలీని రిఫరీ బయటికి పంపగా పది మందితో మిగిలిన ఆ జట్టు విరామం తరువాత మైదానంలోకి రాలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మొదట మోహన్ బగాన్‌ను లీగ్ నుంచి బహిష్కరించి, తరువాత దానిని రెండు కోట్ల రూపాయల జరిమానాగా, పాయింట్ల కోతగా మార్చింది. శిక్ష ఎవరికి పడాలన్న చర్చ నెలల తరబడి సాగింది. రాయి గ్యాలరీలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం నాలుగు రోజుల్లోనే మరుగున పడింది.

ఈలోగా స్టేడియమే చిన్నదైపోయింది. 2017 అండర్-17 ప్రపంచకప్‌కు ముందు విడివిడి కుర్చీలు వేశాక, ఆ టోర్నీ ఫైనల్‌కు వచ్చిన ప్రేక్షకులు 66,684 మంది. 1997 నాటి జనంలో దాదాపు సగం. సగం జనానికి బందోబస్తు కుదరదని చెప్పడం పాత అభిమానులకు మింగుడు పడనిది ఇందుకే.

పోలీసుల ఇబ్బందిని కొట్టిపారేయలేము. 2024 ఆగస్టులో నగరం మొత్తం వీధుల్లో ఉంది. గంగాసాగర్ మేళాకు ఏటా లక్షల మంది భక్తులు వస్తారు, ఆ బాధ్యతా అదే బలగాల మీద పడుతుంది. అయితే డ్యూరాండ్ మ్యాచ్ రద్దయిన రోజు సాయంత్రం జరిగినది ఆ వాదనకు చిక్కు తెచ్చింది. నిషేధాజ్ఞలు అమలులో ఉన్నా ఈస్ట్ బెంగాల్ ఎరుపు-బంగారు చొక్కాలు, మోహన్ బగాన్ మెరూన్-ఆకుపచ్చ చొక్కాలు, వాటితోపాటు మహమ్మదన్ జెండాలు స్టేడియం బయట ఒక్కటై న్యాయం కోసం నినదించాయి. మోహన్ బగాన్ కెప్టెన్ శుభాశీష్ బోస్ కూడా ఆ గుంపులో నిలబడ్డాడు. ఒక క్లబ్ అభిమాని రెండో క్లబ్ అభిమానిని భుజాల మీద ఎక్కించుకున్న ఫొటో దేశమంతా తిరిగింది. మ్యాచ్‌కు ఇవ్వడానికి లేరన్న పోలీసులు ఆ గుంపును చెదరగొట్టడానికి వచ్చారు, లాఠీలు లేచాయి. మధ్యలో కంచె లేకుండా రెండు వర్గాలూ భుజం భుజం కలిపి నిలబడి, ఒకరి మీద ఒకరు రాయి విసరని ఆ సాయంత్రం ఈడెన్ వర్ధంతికి రెండు రోజుల తరువాత వచ్చింది.

మరుసటి ఏడాది డ్యూరాండ్ కప్‌లో ఈ రెండు జట్లూ క్వార్టర్ ఫైనల్లో మళ్లీ ఎదురెదురు పడ్డాయి. ఫుట్‌బాల్ ప్రేమికుల దినం గడిచిన మరునాడే, 2025 ఆగస్టు 17న, ఏడాది కిందట కుదరదన్న అదే సాల్ట్‌లేక్‌లో మ్యాచ్ జరిగింది. డయమంటకోస్ రెండు గోల్స్‌తో ఈస్ట్ బెంగాల్ 2-1తో గెలిచింది.