ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే 4కే ఎడిటింగ్: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

ఆశీస్సులు. ఫోన్‌లో 4కేలో తీసిన వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ, అంటే టైంలైన్ మీద పెట్టి ప్లే నొక్కుతారు. మాట వినిపిస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం స్ట్రక్ అయిపోతుంది. ఫ్యాన్ రొద మొదలవుతుంది. మౌస్ కూడా బద్ధకంగా కదులుతుంది. ఆ తర్వాత ఇంట్లో వినపడే మాట తెలిసిందే: "నాన్నా, కొత్త లాప్‌టాప్ కావాలి." ఆ మాట అనేముందు ఈ ఉత్తరం ఒకసారి చదవండి.

ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. మన ఇళ్లలో చాలాచోట్ల ఉన్నది ఇలాంటి మెషీనే. అక్క పెళ్లి వీడియో అయినా, స్కూల్ యానివర్సరీ అయినా దీనిమీద ఎడిట్ చేయొచ్చు. కాకపోతే దాని ఇబ్బంది ఎక్కడుందో ముందు తెలియాలి.

ప్లే అవుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ దాదాపు ఖాళీగా కూర్చుని ఉంటుంది, ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు దగ్గర ఉంటుంది. ఫైలు పెద్దది కాబట్టి డిస్క్ అందుకోలేకపోతోందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా లేదు. 4కే ఫ్రేము అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం 82 లక్షల 94 వేల పైచిలుకు చుక్కలు. 1080పి (1920 అడ్డం, 1080 నిలువు) ఫ్రేముకి సరిగ్గా నాలుగు రెట్లు. కుదించకుండా దాచాలంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 25 ఎంబీ, సెకనుకి 30 ఫ్రేముల చొప్పున 750 ఎంబీ దాకా కావాలి. ఐఫోన్ 4కే వీడియో హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో నిమిషానికి 350 ఎంబీ, అంటే సెకనుకి 6 ఎంబీ లోపే తీసుకుంటుంది. సెకనుకి 100 ఎంబీ చదవగల మామూలు హార్డ్ డిస్క్‌కి అదొక లెక్క కాదు. ఆ 6 ఎంబీని విప్పి మళ్లీ 750 ఎంబీ బొమ్మగా పరవాల్సింది ప్రాసెసర్. దాని ఊపిరి ఆగిపోయేది అక్కడే.

పైగా ఆ విప్పడం ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము చేసే పని కాదు. హెచ్.264 (2003), హెచ్.265 (2013) రెండూ కొన్ని ఫ్రేములనే పూర్తి బొమ్మగా దాస్తాయి. మిగతా వాటికి పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అంతవరకే రాసుకుంటాయి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూశారు కదా. పేజీ అడుగున నిల్వ రాయకుండా రోజువారీ జమా ఖర్చులే రాశారనుకోండి, ఇరవయ్యో తారీఖున బాకీ ఎంతో చెప్పాలంటే ఒకటో తారీఖు నుంచి కూడుకుంటూ రావాలి. వీడియోని వరసగా చూసేటప్పుడు ఈ పద్ధతితో చిక్కేమీ లేదు, అందుకే అదే వీడియో ప్లేయర్‌లో హాయిగా ఆడుతుంది. ఎడిటింగ్‌లో మనం వరసగా చూడం కదా! ముందుకి లాగుతాం, వెనక్కి లాగుతాం, ఒక్కో ఫ్రేము జరిపి ఎక్కడ కత్తిరించాలా అని చూస్తాం. అలా లాగిన ప్రతిసారీ ప్రాసెసర్ వెనకున్న పూర్తి ఫ్రేము దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు క్లిప్పులు ఒకదాని మీద ఒకటి పెట్టారంటే ఈ చాకిరీ రెండింతలు.

ప్రాసెసర్ లోపల ఈ విప్పే పనికే పెట్టిన చిన్న భాగం కూడా ఒకటుంటుంది. ఇంటెల్‌లో దాని పేరు క్విక్ సింక్, 2011 నుంచి వస్తోంది. హెచ్.265కి దాని సాయం ఆరో తరం నుంచి, రంగుల్ని ఇంకా సూక్ష్మంగా దాచే 10 బిట్ హెచ్.265కి ఏడో తరం నుంచి దొరుకుతుంది. అంతకన్నా పాత మెషీన్‌లో ఈ మధ్య ఫోన్ల హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే) వీడియో పెడితే మొత్తం భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. పక్కింటి పాత కంప్యూటర్‌లో అసలు కదలని ఫైలు మీ ఇంట్లో ఎలాగోలా కదులుతుంటే కారణం ఇదే కావచ్చు.

మందు దగ్గరికి వచ్చేముందు కొంచెం పాత సంగతి చెప్తాను. తెలుగు సినిమా మద్రాసులో, ఫిల్మ్ మీద నడిచిన కాలంలో నేను కటింగ్ రూములో అసిస్టెంటుని. కెమెరాలో ఆడిన నెగటివ్‌ని ఎడిటర్ చేతికి ఎవరూ ఇచ్చేవారు కాదు. అది ల్యాబ్‌లోనే భద్రంగా ఉండేది. దాన్నుంచి ఒక రష్ ప్రింట్ తీసి మాకు పంపేవారు. మేం కోసేదీ, టేపు అంటించేదీ, గ్రీజు పెన్సిల్‌తో గీతలు పెట్టేదీ, మళ్లీ ఊడదీసి మార్చేదీ అంతా దాని మీదే. ఫిల్మ్ ఆడించి చూసే మెషీన్ మూవియోలాలో తిరిగి తిరిగి ఆ ప్రింటు గీతలు పడి మాసిపోయినా ఎవరికీ టెన్షన్ లేదు. 35 ఎంఎం ఫిల్మ్ అంచున అడుగుకొక నంబరు ఉంటుంది, అడుగుకి 16 ఫ్రేములు. ఎడిట్ ఖాయమయ్యాక ఆ నంబర్ల ప్రకారం నెగటివ్ కటింగ్ జరిగేది. థియేటర్‌కి వెళ్లే ప్రింట్లు ఆ నెగటివ్ నుంచే వచ్చేవి. మేం పాడుచేసిన రష్ ప్రింట్ తెరమీదికి ఎప్పుడూ రాదు.

మీ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ అనేది అచ్చంగా ఈ రష్ ప్రింటే. ఒరిజినల్ 4కే ఫైలుకి చిన్న నకలు ఒకటి తయారవుతుంది. మీరు ఎడిట్ చేస్తున్నంతసేపు తెరమీద ఆడేది ఆ నకలే. చివర్లో పూర్తి వీడియో ఫైలు తయారుచేసే ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ అదే కోతల్ని ఒరిజినల్ మీద అమలు చేస్తుంది. అంచు నంబర్ల పని ఇక్కడ ఫైలు పేరూ, ప్రతి ఫ్రేముకీ ఉండే సమయం గుర్తు టైమ్‌కోడూ చూసుకుంటాయి. బొమ్మ నాణ్యత వీసమెత్తు కూడా తగ్గదు.

కేడెన్‌లైవ్‌లో చేసి చూపిస్తాను, అది ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరవండి. అందులో ప్రాక్సీ అనే టాబ్ ఉంటుంది. ప్రాక్సీ క్లిప్పులు వాడాలన్న చోట టిక్ పెట్టండి. ఇంత వెడల్పు దాటిన వీడియోలకి దానంతట అదే ప్రాక్సీ చేయమని కూడా అక్కడే చెప్పొచ్చు. ఇక క్లిప్పులు లోపలికి తెస్తే వెనకాల నకళ్లు తయారవుతూ ఉంటాయి. అయిపోయిన క్లిప్పు బొమ్మ మీద పి అనే అక్షరం కనిపిస్తుంది. అన్నిటి మీదా ఆ అక్షరం పడేదాకా టైంలైన్ ముట్టుకోకండి. ఫుటేజ్ ఎక్కువుంటే రాత్రి పెట్టి పడుకోండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉందో లేదో చూసుకుని మరీ. షాట్‌కట్, డావిన్సీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో అన్నిటిలోనూ ఈ ఏర్పాటు ఉంది. రిజాల్వ్ గొప్ప సాఫ్ట్‌వేరే, కానీ విండోస్‌లో దానికి 16 జీబీ ర్యామ్ కావాలని తయారీదారులే చెప్తున్నారు. 8 జీబీతో దాని జోలికి పోవద్దంటాను.

ప్రాక్సీ ఎంత సైజులో ఉండాలి? 960 అడ్డం 540 నిలువు చాలు. 4కేలో ఉన్న చుక్కల్లో అది పదహారో వంతు. కోతలు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి అంతకన్నా అక్కర్లేదు. సైజు ఒక ఎత్తయితే కోడెక్, అంటే హెచ్.264 లాంటి కుదించి విప్పే పద్ధతి, ఇంకో ఎత్తు. ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి కోడెక్‌లు ప్రతి ఫ్రేమునీ విడిగా, పూర్తిగా దాస్తాయి. ఇక్కడ ఒక తమాషా లెక్క ఉంది. 1080పి, 30 ఫ్రేముల ప్రోరెస్ ప్రాక్సీ సెకనుకి 45 మెగాబిట్లు తీసుకుంటుంది (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ కాబట్టి 6 ఎంబీ లోపే). ఫోన్ 4కే ఫైలు బరువు కూడా ఇంచుమించు అంతే. డిస్క్ మీద రెండూ ఒకటే, ప్రాసెసర్‌కి మాత్రం ఒకటి గుదిబండ, రెండోది దూదిపింజ. అలాగని అత్యాశకి పోయి 4కేలోనే ప్రోరెస్ 422 చేసుకుంటే అది సెకనుకి 589 మెగాబిట్లు, అంటే 74 ఎంబీ దాకా లాగుతుంది. అలాంటివి రెండు పొరలు పెడితే హార్డ్ డిస్క్ చేతులెత్తేస్తుంది. చిన్న సైజు, విడి ఫ్రేములు: ఈ రెండూ కలిస్తేనే పని.

ఎడిట్ చేస్తున్నప్పుడు తెరమీద కనిపించే బొమ్మ సైజుని, అంటే ప్రివ్యూ రిజల్యూషన్‌ని సగానికో పావుకో తగ్గించినా స్ట్రక్ అవుతోందని కొందరు దిగులు పడతారు. అవుతుంది మరి. ఆ బటన్ ఎఫెక్టులూ పొరలూ కలిపే పనిని తగ్గిస్తుంది, హెచ్.264 ఫైలు విప్పే పని చాలామటుకు అలాగే మిగిలిపోతుంది. ప్రాక్సీతో పాటు దాన్నీ వాడండి, ప్రాక్సీకి బదులుగా మాత్రం కాదు.

ప్రాక్సీ చూపించలేనిది ఒకటుంది, ఫోకస్. 540లో అన్ని షాట్లూ పదునుగానే కనిపిస్తాయి. పెళ్లికూతురి క్లోజప్‌లో ఫోకస్ ఆమెను వదిలేసి వెనకున్న పూలదండ మీద పడిందనుకోండి, ఎక్స్‌పోర్ట్ అయ్యాక పెద్ద టీవీలో చూస్తే గానీ తెలియదు. ముఖ్యమైన షాట్లు ఎంచుకునేటప్పుడు ఒరిజినల్ తెరిచి, ఆపి, ముఖం మీద జూమ్ చేసి చూడండి. రంగులు దిద్దేటప్పుడు కూడా ప్రాక్సీ ఆపేసి ఒరిజినల్ మీదే చేయండి. అప్పుడు బొమ్మ ఆగి ఆగి కదిలినా ఫరవాలేదు, రంగు చూడటానికి ఆగిన ఫ్రేము చాలు. వణుకు తగ్గించే స్టెబిలైజర్, నాయిస్ తగ్గించే ఎఫెక్టులు అన్నిటికన్నా బరువైనవి. కోతలు ఖాయమయ్యాక, వీడియోలో మిగిలిన ముక్కలకే పెట్టండి. పది నిమిషాల క్లిప్పుకి స్టెబిలైజర్ పెట్టి అందులో నాలుగు సెకన్లు వాడుకోవడం దండగమారి పని.

తీసేటప్పుడే కొంత భారం దించుకోవచ్చు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ అని ఉంటుంది, అది పెడితే హెచ్.264లో రికార్డవుతుంది. హెచ్‌డీఆర్ వీడియో కూడా ఆపేయండి. ఐఫోన్ 12 నుంచి ఇది 10 బిట్‌లో రికార్డవుతోంది, పాత మెషీన్లకి అదే గొంతులో వెలక్కాయ. 60 ఫ్రేములు స్లో మోషన్ కావాల్సిన చోటే వాడండి.

ఫోన్లలో ఇంకో చిక్కు. 30 ఫ్రేములు అని పెట్టినా వెలుతురు తగ్గినప్పుడు ఆ వేగం కాస్త అటూ ఇటూ మారుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్క స్థిరమైన వేగం మీద నడుస్తుంది కాబట్టి, నిడివైన క్లిప్పు చివరికొచ్చేసరికి పెదాలొక దారి, మాటొక దారి అవుతాయి. షాట్‌కట్ ఇలాంటి ఫైలుని పసిగట్టి, ఎడిటింగ్‌కి అనువుగా మార్చనా అని తనే అడుగుతుంది. మార్చమనండి. మిగతా వాటికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ముందే మార్చి పెట్టుకోండి. ఎడిట్ సగమయ్యాక మారిస్తే కోతలన్నీ మళ్లీ సర్దుకోవాలి.

మెషీన్ సంగతి. చార్జర్ పెట్టే పని చేయండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి. పరుపు మీద, దుప్పటి మీద అసలు పెట్టొద్దు. కింద గాలి దారి మూసుకుంటే ప్రాసెసర్ వేడెక్కి తనను తాను నెమ్మదింపజేసుకుంటుంది. మే నెల విజయవాడలో అయితే తెల్లవారుజామున ఎడిట్ చేయండి, ఆ తేడా మీకే తెలుస్తుంది. 8 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ ట్యాబులు ఇరవై తెరిచి ఉంచితే ఎడిటర్‌కి మిగిలేదేముంది? ఫుటేజ్ పెన్‌డ్రైవ్ మీద ఉంచి ఎడిట్ చేయకండి. యూఎస్‌బీ 2 అయితే సెకనుకి 40 ఎంబీ దాటడమే కష్టం. పైగా డ్రైవ్ అక్షరం ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి అయితే ఫైళ్లన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. ఒక ఫోల్డర్ పెట్టుకుని, ఒరిజినల్స్, ప్రాక్సీలు, పాటలు, ప్రాజెక్ట్ ఫైలు అన్నీ అందులోనే ఉంచి, పేర్లు మార్చకండి.

నాన్నని డబ్బులు అడగక తప్పదనుకుంటే ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్ అడగండి. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 500 ఎంబీ చదువుతుంది. మెషీన్ లేవడం, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం, ప్రాక్సీలు చకచకా కదలడం అన్నిటికీ అది పనికొస్తుంది. తర్వాత ర్యామ్ 16 జీబీకి పెంచమనండి, కుదిరితే ఒకేలాంటి రెండు స్టిక్కులుగా. గ్రాఫిక్స్ కార్డు గురించి ఆ తర్వాత ఆలోచిద్దాం.

ఇక ఎక్స్‌పోర్ట్. చుట్టాలకి వాట్సాప్‌లో పంపే వీడియోకి 4కే దేనికి? టైంలైన్‌ని 1080పి పెట్టుకోండి. ఒరిజినల్ 4కే కాబట్టి రెండింతలు జూమ్ చేసినా బొమ్మ చెదరదు, ఒకే షాట్‌ని వైడ్‌గానూ క్లోజప్‌గానూ వాడుకోవచ్చు. 4కేలో తీయడం వల్ల మీకు దక్కే అసలు లాభం నా దృష్టిలో ఇదే. యూట్యూబ్‌కి ఎక్కించేటప్పుడు వాళ్లు సూచించే బిట్ రేటు 1080పి 30 ఫ్రేములకి సెకనుకి 8 మెగాబిట్లు, 4కేకి 35 నుంచి 45. అంతకు మించి పెట్టి అప్‌లోడ్ కోసం పొద్దస్తమానం కాచుకోనక్కర్లేదు. ప్రాక్సీలతోనే రెండర్ (అంటే ఎక్స్‌పోర్టే) చేయమనే ఆప్షన్ ఒకటి కేడెన్‌లైవ్ రెండర్ విండోలో ఉంటుంది, అది టిక్ లేకుండా ఉందో లేదో చూసి మరీ బటన్ నొక్కండి. ఎక్స్‌పోర్ట్‌కి ఒరిజినల్స్ వాడుతుంది కాబట్టి ఈ మెషీన్ మీద టైమ్ పడుతుంది. ఈలోగా వెళ్లి అన్నం తినండి, ప్రోగ్రెస్ బార్ వైపు చూస్తూ కూర్చుంటే అదేం తొందరగా కదలదు.

వీడియో ఇచ్చేశాక ప్రాక్సీలు తుడిచేయొచ్చు, కావాలంటే మళ్లీ చేసుకోవచ్చు. ఒరిజినల్స్, ప్రాజెక్ట్ ఫైలు మాత్రం రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. ఆర్నెల్ల తర్వాత అత్తయ్య ఫోన్ చేసి, మా వాడు అన్నప్రాశనలో ఏడ్చిన ముక్క తీసేసి మళ్లీ పంపమంటుంది.

మీ
తాతయ్య