హోంవర్క్‌లో ఆల్జీబ్రా, అమెరికా చరిత్ర: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో హోంవర్క్ చేయించే తెలుగు అమ్మానాన్నలకు పనికొచ్చేవి ఇవి. తప్పులు ఎక్కువగా ఎక్కడ దొర్లుతాయో అక్కడే ఆగి చెబుతున్నాం.

అపోహ: సమీకరణంలో అటు వెళితే గుర్తు మారుతుంది.

మన బడుల్లో చాలామందికి ఇలాగే చెప్పారు. ఎక్స్ + 5 = 12 వరకూ ఇది నడుస్తుంది. −3ఎక్స్ = 12 దగ్గర బోల్తా కొట్టిస్తుంది. పిల్లలు −3ని అటు పంపి, గుర్తు మార్చి, 12 ÷ 3 = 4 అని రాసేస్తారు. సరైన జవాబు −4.

నిజానికి ఏదీ ఎటూ వెళ్లదు. రెండువైపులా ఒకే పని చేస్తాం, అంతే. ఇక్కడ −3 ఎక్స్‌ను గుణిస్తోంది కాబట్టి రెండువైపులా −3తోనే భాగించాలి. 2ఎక్స్ + 5 = 17 అయితే ముందు రెండువైపులా 5 తీసేయాలి: 2ఎక్స్ = 12. తర్వాత 2తో భాగిస్తే ఎక్స్ = 6. ఒక్కో పనికీ ఒక్కో వరస రాయించండి. చివర్లో 6ను మొదటి సమీకరణంలోనే పెట్టి 17 వస్తోందో లేదో చూడమనండి. ఈ సరిచూపుకు అర నిమిషం పట్టదు, కానీ ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

అపోహ: బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే మొదటి పదానికి పెడితే చాలు.

10 − (ఎక్స్ − 4) అంటే 14 − ఎక్స్. 6 − ఎక్స్ కాదు. లోపలి ప్రతి పదం గుర్తూ మారాలి.

అపోహ: టీ ధర పెంచారని బోస్టన్‌లో టీ పెట్టెలు సముద్రంలో పారేశారు.

1773 టీ చట్టం వల్ల టీ చవకయ్యే పరిస్థితి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ (1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టినదే) మధ్య దళారులు లేకుండా అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాల్లో నేరుగా అమ్ముకునే వీలు దొరికింది. కానీ పౌను బరువు టీకి 3 పెన్నీల పాత పన్ను అలాగే ఉంచారు. తమ ప్రతినిధులు లేని బ్రిటిష్ పార్లమెంటు ఆ పన్ను వేయడం మీదే గొడవ. స్థానిక వర్తకులకు వ్యాపారం పోతుందన్న భయం కూడా తోడైంది. డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి. "కారణం రాయండి" అన్న ప్రశ్నకు "పన్ను" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. ఎవరు వేశారు, ఏ హక్కుతో వేశారు అన్నది జవాబులో కనిపించాలి.

అపోహ: 1863లో లింకన్ దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేశాడు.

జనవరి 1 నాటి విమోచన ప్రకటన అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేస్తున్న దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌లోనే (లింకన్ ప్రభుత్వ పక్షాన) ఉన్న కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్‌లకు వర్తించలేదు. లింకన్ దాన్ని సర్వసైన్యాధ్యక్షుడిగా, యుద్ధకాల చర్యగా జారీ చేయడమే కారణం. అలాగని దాన్ని తక్కువ చేయకూడదు. నల్లజాతివారు యూనియన్ సైన్యంలో చేరడానికి దారి తెరిచింది అదే. దేశమంతటా రద్దు చేసింది మాత్రం 1865 డిసెంబర్‌లో ఆమోదం పొందిన 13వ రాజ్యాంగ సవరణ.

అపోహ: అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై 1776 జులై 4న అందరూ సంతకాలు చేశారు.

స్వాతంత్ర్యానికి ఓటు వేసింది జులై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. వర్క్‌షీట్‌లో ఏది అడిగారో చూసి ఆ తేదీ రాయించండి.